గళ్ళ బట్టలో నేత నాణ్యాన్ని గుర్తించడం ఎట్లా?

బట్టల దుకాణంలో అడుగుపెట్టినవారు ఎవరైనా సరే, తాను చేతికి అందగానే దాని కొసను బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూస్తారు. మందంగా తగిలితే మంచి బట్ట అనుకొని బేరం మొదలుపెడతారు. ఈ పరీక్ష తరతరాలుగా వస్తున్నదే. అయితే దీనివల్ల మనకు చాలాసార్లు తెలిసేది గంజి సంగతి మాత్రమే. నూలు సంగతి తెలియదు. ఖానాపూర్‌లో ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనుకూడా ఇట్లాగే నలిపి చూసి, ఎర్ర గళ్ళ తువ్వాళ్ళు అరడజను కొన్నాను. మొదటి ఉతుకులో నీళ్ళు పాలవలె తెల్లబడినవి. తీగమీద ఆరవేసిన తువ్వాలులోనుంచి ఎదురింటి కిటికీ చువ్వలు లెక్కపెట్టవచ్చును. దుకాణంలో చక్కని చతురాలుగా కనిపించిన గళ్ళు ఆరిన తరువాత అడ్డంగా సాగిన దీర్ఘచతురాలైనవి. కొలతల గురించి విద్యార్థులకు రోజూ పాఠం చెప్పేవాడిని, ఒక తువ్వాలును కొలిచి చూడాలనే ఆలోచన ఆనాడు నాకు రాలేదు.

నిజానికి గళ్ళ బట్ట తన కొలబద్దను తనలోనే ఉంచుకొంటుంది. సాదా తెల్లబట్టలో నేతలోటు కనిపెట్టాలంటే అనుభవం కావాలి. గళ్ళ బట్టలో అట్లా కాదు. నిలువు పోగులూ అడ్డపు పోగులూ రంగురంగుల లెక్కతో పేర్చినవి కాబట్టి, ఎక్కడ లెక్క తప్పినా, ఎక్కడ దెబ్బ వదులైనా, గడి ఆకారం మారి ఆ సంగతి బయటపెడుతుంది. ఒక స్కేలు, ఒక భూతద్దం, ఒక సూది ఉంటే ఉన్నత పాఠశాల విద్యార్థి సైతం ఈ పరీక్ష చేయవచ్చును.

పడుగు లెక్క, పేక లెక్క

మగ్గంమీద నిడువుగా సాగదీసి కట్టిన పోగులను పడుగు అనీ, వాటి మధ్యగా నాడె అడ్డంగా తీసుకొనిపోయే పోగును పేక అనీ అంటారని అందరికీ తెలిసినదే. పడుగు పోగులు ఎంత దగ్గరగా ఉండాలో పన్నె నిర్ణయిస్తుంది. పన్నె దువ్వెనవంటిది. దాని పళ్ళ సందులలోనుంచి పడుగు పోగులు, సాధారణంగా సందుకు రెండేసి, సాగివస్తాయి. పన్నెను లెక్కించే పద్ధతులలో ఒకదానిలో 2 అంగుళాలలో ఎన్ని సందులున్నవో అది పన్నె నంబరు. సందుకు రెండు పోగులు కనుక ఆ నంబరే అంగుళంలోని పోగుల సంఖ్య అవుతుంది. 60వ నంబరు పన్నె అంటే అంగుళానికి 60 పడుగు పోగులు.

పడుగు ఒకసారి సిద్ధమైన తరువాత ఈ లెక్క మారదు. నేసేవాడు అలిసిపోయినా, తొందరపడినా పన్నె సందులు అట్లాగే ఉంటాయి. పేక సంగతి వేరు. నాడె ఒకసారి ఇటునుంచి అటు పోగానే, పన్నెను బిగించిన చట్రాన్ని నేతగాడు తనవైపు లాగి పేకపోగును అంతకు ముందరి పోగుకు ఆనించి కొడతాడు. ఆ దెబ్బలోని బలాన్నిబట్టీ, పడుగు బిగువునుబట్టీ పేకలు దగ్గరగానో దూరంగానో నిలుస్తాయి. అంటే గడి వెడల్పు పన్నె చేతిలో ఉన్నది. గడి నిడివి మనిషి చేతిలో ఉన్నది. నాణ్యపరీక్ష అంతా ఈ రెండోదాని చుట్టూ తిరుగుతుంది.

ఒక ఉదాహరణ తీసుకొందాము. పడుగులో 30 ఎర్ర పోగులు, 30 తెల్ల పోగులు వరుసగా వేశారనుకోండి. పన్నె 60 కనుక ఒక్కొక్క చార అర అంగుళం వెడల్పు ఉంటుంది. పేకలోకూడా 30 ఎరుపు, 30 తెలుపు వేస్తూ అంగుళానికి 60 పడేటట్లు కొడితే, అర అంగుళం చతురపు గళ్ళు వస్తాయి. ఒక ఎర్రచార, ఒక తెల్లచార కలిసి ఒక జత. అడ్డంగా పది జతలు కొలిస్తే 10 అంగుళాలు, నిలువుగా పది జతలు కొలిచినా 10 అంగుళాలు. ఇప్పుడు దెబ్బ వదులై అంగుళానికి 52 పేకలే పడినవనుకొందాము. పోగుల లెక్క తప్పకుండా 30, 30 వేసినా, నిలువున పది జతలకు 600 పోగులు కావాలి. 600ను 52తో భాగిస్తే పదకొండున్నర అంగుళాలు. గడి పొడుగైనది. ఒక్క గడిలో ఈ తేడా అంగుళంలో పదమూడో వంతు, కన్ను దాన్ని గుర్తించలేదు. పది జతలకు ఒకటిన్నర అంగుళం పేరుకొంటుంది. అందుచేత ఎప్పుడూ ఒక్క గడిని కొలవరాదు. పదింటిని కలిపి కొలవాలి. సరళలోలకం పాఠంలో ఒక్క ఊపునకు బదులు ఇరవై ఊపుల కాలం కొలిచేదికూడా ఇందుకే.

గడి చతురంగా ఉన్నంతమాత్రాన సరిపోదు. 52 దెబ్బలే కొట్టి, రంగుకు 30 పేకలకు బదులు 26 వేస్తే, గడి మళ్ళీ అర అంగుళం చతురమే అవుతుంది! ఇక్కడ కొలత చక్కగా ఉన్నది, లెక్క తగ్గినది. ఇందాకటి ఉదాహరణలో లెక్క సరిగా ఉండి కొలత తప్పినది. కాబట్టి రెండు పరీక్షలూ చేయాలి. ముందు పది జతల గళ్ళను రెండువైపులా కొలవాలి. తరువాత ఒక గడిలోని పడుగు పోగులనూ పేక పోగులనూ లెక్కపెట్టాలి. చతురపు గడిలో ఈ రెండు సంఖ్యలు సమానం కావాలి.

లెక్కపెట్టడానికి వ్యాపారస్తులు అంగుళం కిటికీగల మడతల భూతద్దం వాడతారు. అది లేకపోతే పోస్టుకార్డులో సరిగ్గా అంగుళం చతురపు రంధ్రం కోసి బట్టపై పెట్టి, సూదిమొనతో ఒక్కొక్క పోగును జరుపుతూ లెక్కించవచ్చును. ఈ రోజులలో ఫోను కెమెరాతో దగ్గరగా ఫోటో తీసి, దాన్ని పెద్దదిచేసి లెక్కపెట్టుకొంటే కళ్ళకు శ్రమ తక్కువ. బట్టలో కనీసం మూడు చోట్ల లెక్కించి సగటు తీయాలి.

ఇంకొక తమాషా మార్గం ఉన్నది. దోమతెరను రెండు మడతలుగా పట్టుకొంటే నీటి అలలవంటి చారలు కదలడం చూచే ఉంటారు. పలుచని బట్టలు రెండు ఒకదానిపై ఒకటి, పోగులు సమాంతరంగా ఉండేటట్లు పరచినా ఈ చారలు వస్తాయి. ఒకదానిలో అంగుళానికి 60 పోగులు, రెండవదానిలో 62 ఉంటే అంగుళానికి 2 చారలు కనిపిస్తాయి. అంటే పోగుల తేడా ఎంతో చారలు అన్ని. ధ్వనిపాఠంలో చెప్పే విస్పందనాలకు ఇది కంటికి కనిపించే రూపం. లెక్క తెలిసిన మంచి ముక్క ఒకటి దగ్గర ఉంచుకొంటే, కొత్త బట్టను దానికింద పెట్టి క్షణంలో తేడా చెప్పవచ్చును.

ఎనిమిది పేకలు తగ్గితే ఏమి?

అంగుళానికి 60కి బదులు 52 పడితే కొంపలేమి మునుగుతాయని అనిపించవచ్చును. 6 గజాల చీరను లెక్కవేసి చూడండి. 216 అంగుళాలు; అంగుళానికి 60 చొప్పున 12,960 పేకలు. అన్నిసార్లు నాడె ఆ కొసనుంచి ఈ కొసకు నడవాలి, అన్నిసార్లు దెబ్బ పడాలి. 52 చొప్పున అయితే 11,232. అంటే ఒక్క చీరలో 1,728 సార్లు నాడె విసిరే శ్రమ మిగులుతుంది, ఆ మేరకు నూలుకూడా మిగులుతుంది. గళ్ళ చీరలో ఇంకొక శ్రమకూడా ఉన్నది. ప్రతి 30 పేకలకు రంగు మారాలి కనుక, ఒక నాడె ఆపి వేరొకటి అందుకోవాలి; చీరమొత్తంమీద 432 సార్లు. గడిలోని పేకల సంఖ్య సాధారణంగా సరిసంఖ్యగా ఉండడానికి కారణం ఇదే. సరిసంఖ్య అయితేనే నాడె బయలుదేరిన పక్కకే తిరిగివచ్చి ఆగుతుంది. లేకుంటే ఒక రంగు కుడిపక్కన, ఒక రంగు ఎడమపక్కన చిక్కుకొంటాయి.

మరమగ్గాల ఊళ్ళలో కూలి మాట్లాడేటప్పుడు అంగుళానికి ఎన్ని పిక్కులు అన్న ప్రశ్న ముందుగా వస్తుంది. పిక్కు అంటే పేకే. సిరిసిల్లలోనూ, కరీంనగర్ ప్రాంతంనుంచి పద్మశాలీలు వలసపోయి స్థిరపడిన భివండీ, షోలాపూరులలోనూ ఈ మాట పసిపిల్లలకుకూడా తెలుసు. కొనేవాడికి మాత్రం తెలియదు. రెండు తానులు పక్కపక్కన పెట్టి, ఒకటి పది రూపాయలు ఎక్కువ చెప్పితే, ఎందుకు ఎక్కువ అని అడుగుతాడు; 1,728 దెబ్బల సంగతి అడగడు. గంజి పెట్టిన పలుచని బట్ట ముందు, నిండుగా నేసిన బట్ట ఓడిపోవడానికి ఇదే కారణం.

ఇక్కడ గంజికి అన్యాయం చేయరాదు. పడుగు పోగు వేలకొలది సార్లు పన్నె రాపిడికి ఓర్చుకోవాలి. గంజి పెట్టని ఒంటిపోగు నూలు పీచులు రేగి తెగిపోతుంది. చేనేతవారు పడుగును వీధిలో సాగదీసి గంజిపట్టించి కుంచెతో దువ్వేది అందుకే. అది నేతకు కావలసిన గంజి. నేత పూర్తయిన తరువాత సందులు పూడ్చడానికి దట్టించేది వేరు. బట్టను రెండు చేతులతో గట్టిగా రుద్ది నల్లకాగితంపై దులిపితే తెల్లని పొడి రాలుతుందా? రాలితే రెండోరకం అని అనుమానించవలె. పాఠశాల ప్రయోగశాలలోని అయొడిన్ ద్రావణం ఒక చుక్క వేస్తే పిండిపదార్థం ఉన్నచోట నీలినలుపు రంగు వస్తుంది. ఆ ముక్కను వేడినీళ్ళలో బాగా ఉతికి ఆరబెట్టి, మళ్ళీ ఒక చుక్క వేసి చూడాలి. ఉతకకముందూ ఉతికిన తరువాతా తూచితే, మనం నూలుధరకు ఎంత గంజి కొన్నామో గ్రాములలో తెలుస్తుంది.

నూలు నంబరు, కప్పుదల

పోగుల లెక్క ఒక్కటే చెప్పితే అర్థం పూర్తికాదు. లావు పోగులు 60 వేరు, సన్నపోగులు 60 వేరు. పత్తినూలు సన్నదనాన్ని నంబరుతో చెప్పుతారు. 840 గజాల నూలు ఒక చిలప. ఒక పౌనుకు ఎన్ని చిలపలు తూగితే అది ఆ నూలు నంబరు. 40వ నంబరు నూలు పౌనుకు 40 చిలపలు. 80వ నంబరు ఇంకా సన్నన, 80 చిలపలు. నంబరు పెరిగినకొద్దీ పోగు సన్నబడుతుంది.

బట్టను జ్యామితి దృష్టితో చూసినవారిలో ఎఫ్. టి. పీర్స్ ముఖ్యుడు. ఇంగ్లండులోని పత్తిపరిశ్రమ పరిశోధనాసంస్థలో పనిచేస్తూ 1937లో ఆయన బట్టల నిర్మాణ జ్యామితిపై ఒక వ్యాసం ప్రకటించాడు. దానిలో వాడిన అంచనాప్రకారం, నంబరుయొక్క వర్గమూలాన్ని 28తో గుణిస్తే అంగుళంలో సందులేకుండా పక్కపక్కన పట్టే పోగుల సంఖ్య వస్తుంది. 40కి వర్గమూలం 6.32, 28తో గుణిస్తే 177. మన బట్టలో అంగుళానికి ఉన్నవి 60. అంటే పడుగు ఒక్కటీ స్థలంలో నూటికి 34 వంతులు కప్పుతుంది. పేకకూడా 34 వంతులు. రెండూ ఒకదానిమీద ఒకటి పడేచోటును రెండుసార్లు లెక్కించకుండా తీసివేస్తే, మొత్తం కప్పుదల నూటికి 56. మిగిలిన 44 వంతులు గాలి! మన ఎండలకు ఇది లోపం కాదు, సుఖం. 52 పేకల బట్టలో కప్పుదల 53కు దిగుతుంది.

ఇదే లెక్కను 80వ నంబరు నూలుకు వేయండి. అంగుళంలో 250 పోగులు పడతాయి. అంతే కప్పుదల రావాలంటే 85 పడుగు, 85 పేక కావాలి. బట్ట బరువు మాత్రం మూడింట ఒక వంతుకు కొంచెం తక్కువగా తగ్గుతుంది. అందుచేత సన్నబట్టను చేతితో నలిపి పలుచన అని తోసివేయడం పొరపాటు. దానిలో శ్రమ ఎక్కువ ఉన్నది. అట్లాగే 80వ నంబరు నూలుతో 60, 60 నేసిన బట్టను సన్ననేత అని పొగడడంకూడా పొరపాటే, అది వల.

నూలు నంబరును మన కళాశాల త్రాసుతోనే కనుక్కోవచ్చును. బాగా ఉతికి ఆరబెట్టిన బట్టనుంచి 10 సెంటీమీటర్ల చతురపు ముక్క కోసి, ఒక వైపునుంచి 100 పోగులు లాగాలి. లాగిన పోగు కొంచెం వంకరగా ఉంటుంది. దాన్ని స్కేలుమీద సరిచేసి కొలిస్తే 10కి బదులు 10.6 సెంటీమీటర్లు రావచ్చును. పైకీ కిందికీ అలవలె పోవడంవల్ల ఆ పోగు మింగిన అదనపు నిడివి అది, నూటికి 6. ఇట్లాంటి 100 పోగుల మొత్తం పొడవు 10.6 మీటర్లు. వాటి బరువు 0.156 గ్రాములు వచ్చినదనుకొందాము. అయితే 1000 మీటర్ల బరువు 14.7 గ్రాములు. 590ని ఈ సంఖ్యతో భాగిస్తే 40 వస్తుంది. పడుగునూ పేకనూ విడివిడిగా చూడాలి. పడుగుకు మంచి నూలు, పేకకు నాసినూలు వేయడం ఉన్నదే.

స్కాట్లండు గళ్ళు, మన గళ్ళు

గళ్ళ బట్ట నాణ్యాన్ని అన్నిటికంటె కఠినంగా పరీక్షించేవారు స్కాట్లండులో కిల్టు కుట్టేవారు. కిల్టు అంటే అక్కడి పురుషులు నడుముకు చుట్టుకొనే, మోకాళ్ళదాకా వచ్చే ఉన్నివస్త్రం. దానికి వాడే గళ్ళ బట్టకు టార్టన్ అని పేరు. నిండు కిల్టుకు 8 గజాల బట్ట పడుతుంది. ముందువైపు సాదాగా వదిలి, వెనుకవైపు లోతైన కుచ్చెళ్ళు పెడతారు. కుచ్చెళ్ళు పెట్టిన తరువాతకూడా వెనుకభాగంలో గళ్ళ వరస, మడతలే లేనట్టు, తెగకుండా కనిపించాలి. ఒక్కొక్క కుచ్చెలలో గళ్ళ వరస ఒక పూర్తి ఆవృత్తి మడతపడుతుంది. ప్రతి టార్టన్‌కూ ఏ రంగు ఎన్ని పోగులు అన్న లెక్క ఉంటుంది. 2008లో చేసిన చట్టంప్రకారం 2009నుంచి ఈ లెక్కలకు స్కాట్లండు ప్రభుత్వం ఒక అధికారిక రిజిస్టరుకూడా నిర్వహిస్తున్నది.

గమనించవలసిన విషయం ఏమంటే, కిల్టులో బట్ట నిడివి నడుముచుట్టూ తిరుగుతుంది. పడుగు నేలకు సమాంతరంగా, పేక నిలువుగా ఉంటుంది. కింది అంచును మడిచి కుట్టరు. మగ్గంమీద వచ్చిన అంచే కిల్టు అంచు. మన చీర సరిగ్గా ఇట్లాంటిదే కదా! చీరలోనూ పడుగు నడుముచుట్టూ తిరుగుతుంది, కుచ్చెళ్ళ మడతలు పేకవెంట పడతాయి, అంచు కుట్టుబడి ఉండదు. కాబట్టి ఎడిన్‌బరోలోనైనా ఖానాపూర్‌లోనైనా కుచ్చెలలో బయటపడేది నేతగాడి పేకదెబ్బే.

మన రాష్ట్రంలో దీనికి తగిన ఉదాహరణ నారాయణపేట చీర. గళ్ళ ఒంటికీ, గుడిగోపురపు అంచుకూ ఆ చీరలు పేరుపొందినవి. అక్కడ ఒకే పడుగుపై వరుసగా ఎనిమిది చీరలు నేసే పద్ధతి ఉన్నది. దీని అర్థం ఆలోచించండి. పడుగులో ఒక పోగు తప్పితే ఆ తప్పు ఎనిమిది చీరలలోనూ ఒకేచోట కనిపిస్తుంది; పేకలోని తప్పు మాత్రం ఆ చీరకే పరిమితం. అంగుళం జతల గళ్ళ చీరలో అయిదేసి జతలు లెక్కపెట్టి కుచ్చెలు తీశామనుకొందాము. 60 పేకలు పడినచోట కుచ్చెల 5 అంగుళాలు. దెబ్బ వదులై 56 పడినచోట అదే అయిదు జతలకు 5.36 అంగుళాలు. ఆ కుచ్చెల మిగతావాటినుంచి అంగుళంలో మూడో వంతుకు పైగా బయటికి పొడుచుకొని వస్తుంది. చీర కట్టుకొన్నవారు కుచ్చెలు కుదరడంలేదని విసుగుకొని తమ చేతిని తప్పుపట్టుకొంటారు.

కిల్టుబట్ట నేత మన సాదానేత కాదు. సాదానేతలో పేక ఒక పడుగు పోగుపైనుంచి, ఒకదాని కిందుగా పోతుంది. టార్టన్‌లో రెండింటిపైనుంచి, రెండింటి కిందుగా పోతూ, వరుసవరుసకూ ఒక పోగు జరుగుతుంది. అందువల్ల బట్టమీద ఏటవాలు గీతలు ఏర్పడతాయి. పోగులు కిందికీ పైకీ మారే సందర్భాలు సగమే కనుక వాటిని ఇంకా దగ్గరగా జరపవచ్చును. బట్ట బరువుగా, మడత నిలిచేదిగా వస్తుంది. ఈ వాలుగీతే అక్కడి పరీక్షకులకు సాధనం. పడుగూ పేకా సమానమైతే గీత 45 డిగ్రీల వాలులో ఉండి, గడి మూలనుంచి మూలకు సరిగ్గా పోతుంది. 60కి 52 అయితే వాలు 49 డిగ్రీలు. మన సాదానేతలో వాలుగీత ఉండదుగాని, గడి కర్ణం ఉన్నది. చాలా గళ్ళ మూలలను కలుపుతూ దారం సాగదీసి, అడ్డచారతో అది చేసే కోణాన్ని కోణమానినితో కొలిస్తే అదే ఫలితం వస్తుంది. కోణమానిని లేకపోతే బట్టను మూలగా, గడి కర్ణంవెంట మడవండి. పైపొరలోని నిలువుచారలు కిందిపొరలోని అడ్డచారలపై ఖచ్చితంగా కూర్చోవాలి. మడతనుంచి దూరం పోయినకొద్దీ చారలు తప్పుకొంటూ పోతే పడుగుపేకలు సమానంకావు. తరువాత నిలువుగా అంచుకు అంచు చేర్చి మడవండి. అడ్డచారలు మడతదగ్గర కలిసి అంచులదగ్గర విడిపోతే పేక ఒకవైపు వాలినది.

మా ప్రాంతంలో ఉన్నినేత అంటే కురుమల గొంగడి. దక్కని గొర్రెల నల్లని ఉన్నితో, చింతగింజల గంజి పట్టించి, గుంటమగ్గంపై నేస్తారు. దానిపై పోస్టుకార్డు కిటికీ పెట్టి లెక్కించబోతే పని జరగదు. పీచులు రేగి ఒకదానిలో ఒకటి చిక్కుకొని సందులను మూసివేస్తాయి. వాన నీరు తొందరగా దిగకపోవడానికికూడా అదే సహాయం. కిల్టు టార్టన్‌కు వాడే ఉన్నిని పొడుగు పీచులు సమాంతరంగా ఉండేటట్లు దువ్వి వడుకుతారు కాబట్టి చారలు గీసినట్లు స్పష్టంగా ఉంటాయి. గొంగడిని గొంగడిగా చూడాలి. దాని గుణం వేరు పరీక్షలకు లోబడుతుంది.

వెలుతురులో పట్టి చూచినప్పుడు

బట్టను కిటికీకి అడ్డంగా పట్టి చూస్తే కొన్ని సంగతులు ఒక్కసారిగా కనిపిస్తాయి. అడ్డంగా సన్నని వెలుతురుగీత ఉన్నదంటే, అక్కడ మగ్గం ఆగి మళ్ళీ మొదలైనది. నేతగాడు అన్నానికి లేచినప్పుడు పడుగు బిగువుమీదనే ఉండి కొంచెం సాగుతుంది, నేతకొస జరుగుతుంది. తిరిగి కూర్చొన్నవాడు దాన్ని సవరించకుండా దెబ్బ వేస్తే ఆ గీత మిగులుతుంది. మంచి నేతగాడు లేచేముందు బిగువు వదులుచేస్తాడు. నిలువుగా ఒక వెలుతురుగీత చీర పొడవునా పోతే, పడుగు పోగు ఒకటి తెగి అతకకుండా పోయినది, లేదా పన్నె పన్ను వంగినది.

చేనేతలో పేకలెక్క అక్కడక్కడ ఒకటి రెండు అటూ ఇటూ కావడం సహజం. ఉదయం 60 కొట్టిన చేయి సాయంత్రం 58 కొట్టవచ్చును. మెల్లగా వచ్చే ఈ మార్పు కుచ్చెలలో కనిపించదు, దాన్ని లోపమని కూలి కోయడం న్యాయం కాదని నా అభిప్రాయం. ఒకచోట 60, పక్కనే 54 అయితే అది లోపమే.

రంగుల విషయంలో గళ్ళ బట్టకు ఒక సౌకర్యం ఉన్నది. ఎరుపు పక్కనే తెలుపు ఉన్నది కనుక, రంగు దిగితే సాక్ష్యం అక్కడే దొరుకుతుంది. తడిపిన తెల్లగుడ్డతో రుద్దిచూస్తే చాలును. 1960లలో అమెరికాలో రంగు దిగే మద్రాసు గళ్ళ బట్టను ఆ దిగడమే గొప్పగా చెప్పి అమ్మారు! మన చీరాల నేతగాళ్ళు నేసిన 36 అంగుళాల చతురపు గళ్ళ రుమాళ్ళు మద్రాసు రుమాళ్ళ పేరుతో పశ్చిమ ఆఫ్రికాకు ఎగుమతి అయినవి. నైజీరియాలో నైజర్ నది డెల్టాలో ఉండే కలబారి ప్రజలు ఆ గళ్ళ బట్టను ‘ఇంజిరి’ అంటారు. వారి స్త్రీలు దానిలోని కొన్ని పోగులను ఎంచి కత్తిరించి లాగివేసి, ఉన్న గళ్ళలోనుంచి కొత్త ఆకృతులు తీస్తారు. పోగులు తీసిన తరువాతకూడా బట్ట చెదరకుండా నిలవాలంటే మిగిలిన పోగులు ఎంత బిగువుగా ఉండాలో ఊహించవచ్చును. పడుగుపేకలు సమంగా లేని బట్టపై ఆ పని సాగదు.

ఉతికిన తరువాత

ఇంతవరకు చెప్పిన కొలతలన్నీ కొత్తబట్టకు చేయవచ్చును. కాని చివరి మాట చెప్పేది నీరు. మగ్గంమీద పడుగు సాగి ఉంటుంది, అందుచేత దానిలో వంపు తక్కువ, పేకలో వంపు ఎక్కువ. పత్తిపీచు నీళ్ళు పీల్చినప్పుడు అడ్డంగా బాగా ఉబ్బుతుంది, పొడవు మాత్రం దాదాపు మారదు. పేకపోగు లావెక్కగానే దాని చుట్టూ తిరిగే పడుగుపోగుకు ఎక్కువ దారి నడవవలసి వస్తుంది. పోగు సాగదు కనుక బట్టే పొట్టిదవుతుంది. ఇందువల్ల సాధారణంగా నిడివివైపు ముడుచుకోవడం ఎక్కువ. తెలిసిన నేతగాడు మగ్గంమీద గడిని వెడల్పుకంటె ఒక వెంట్రుకవాసి పొడుగుగా ఉంచుతాడు. ఉతికిన తరువాత అది చతురానికి వస్తుంది. ఈ రహస్యం తెలియని కొనుగోలుదారు కొత్తబట్టను కొలిచి వెంటనే తప్పుపట్టరాదు.

విద్యార్థులు ఒక పని చేయవచ్చును. ఇంట్లో ఉన్న గళ్ళ తువ్వాలు, లుంగీ, బడిచొక్కా ఏదైనా తీసుకొని, పది జతల గళ్ళను రెండువైపులా కొలిచి కాగితంమీద రాసుకోవాలి. కొత్తదైతే ఉతికి, పిండకుండా నీడన ఆరబెట్టి మళ్ళీ కొలవాలి. తరగతిలో నలభైమంది ఈ లెక్కలు తెచ్చి పక్కపక్కన రాస్తే, మరమగ్గం బట్ట ఏది, చేనేత ఏది, గంజిబట్ట ఏది అనే చర్చ దానంతటదే మొదలవుతుంది.

నా ఎర్ర గళ్ళ తువ్వాళ్ళను ఆలస్యంగానైనా లెక్కపెట్టాను. అంగుళానికి 44 పడుగు, 34 పేక. గడిలో 22 పడుగు పోగులున్నవి, పేకలు 16 మాత్రమే. కొత్తలో గడిని గంజితో చతురంగా సాగదీసి ఆరబెట్టి ఉంచారు. నీళ్ళలో ఆ గంజి పోగానే, నిడివివైపు ముడుచుకొని అడ్డంగా మిగిలినది. కిందటి సంవత్సరం తువ్వాళ్ళు కొనడానికి మళ్ళీ వెళ్ళినప్పుడు, జేబులోనుంచి రంధ్రం కోసిన పోస్టుకార్డు తీసి తానుపై పెట్టాను. దుకాణదారు ఒక నిమిషం చూచి, ఏమీ అనకుండా ఆ తాను మడిచి పక్కన పెట్టి, లోపలినుంచి ఇంకొకటి తెచ్చాడు. దానిలో 58కి 56 వచ్చినవి. ధరకూడా ఎక్కువే చెప్పాడు. బేరమాడలేదు.